పర్లాకిమిడి పంతులుగారు

ఉగాదినాడు పచ్చడి పంచిపెట్టి, పంచాంగశ్రవణం ముగించి, పిల్లల పాటలూ పద్యాలూ వినడం మన సంఘంలో ఏటేటా వచ్చే ముచ్చట. ఆ పిల్లలలో చాలామంది తమ పద్యాన్ని ఒడియా అక్షరాలలోనో, ఇంగ్లీషు అక్షరాలలోనో వ్రాసుకొని వచ్చి చదువుతారన్న సంగతి ముందువరుసలో కూర్చున్న పెద్దలకు తెలియకపోవచ్చును గాని, తెరప్రక్కన నిలబడి కాగితాలు అందించే నాబోటివాళ్లకు తెలుసు. అందులో పిల్లల తప్పు లేదు. బడిలో నేర్పినది వాళ్లు నేర్చారు. ఇంట్లో మనం నేర్పవలసినది నేర్పలేకపోయాము. ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఆ కాగితాలే కళ్లముందు మెదిలి, వాటి వెంట కీర్తిశేషులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు జ్ఞాపకం వచ్చారు.

పంతులుగారి పేరు వినని తెలుగువారు లేరు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. వాడుకభాష కోసం పోరాడిన పిడుగు అని పిల్లలకు చెబుతున్నాము. అంతవరకు బాగానే ఉన్నది. కాని ఆయన ఉద్యోగజీవితమంతా గడిచినది నేడు ఒడిశా రాష్ట్రంలో ఉన్న పర్లాకిమిడిలో అనీ, తెలుగుకోసం నడుం కట్టడానికి ఎన్నో ఏళ్ల ముందే తనది కాని జాతికోసం, లిపి లేని భాషకోసం ఆయన తన డబ్బునూ, చివరకు తన చెవులనూ ధారపోశారనీ మనలో ఎందరికి తెలుసు? ఒడిశా గడ్డమీద పిల్లలను పెంచుకుంటున్న మనకు ఆయన జీవితంలో ఈ రెండవ భాగమే మొదట తెలియవలసినదని నా నమ్మకం.

రామమూర్తిగారు 1863వ సంవత్సరం ఆగస్టు 29న వంశధార నదీతీరాన శ్రీముఖలింగ క్షేత్రానికి దగ్గరనున్న పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి జమీందారీలో రివెన్యూ ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. తండ్రికి చోడవరం బదిలీ అయింది. అక్కడ విషజ్వరం వచ్చి 1875లో ఆయన కన్నుమూశారు. అప్పటికి రామమూర్తిగారికి పన్నెండేళ్లు. తండ్రి లేని పిల్లవాడు మేనమామగారి ఆదరణలో పెరిగి, విజయనగరంలో మహారాజావారి ఇంగ్లీషు హైస్కూలులో చదివి, 1879లో మెట్రిక్యులేషను ప్యాసయ్యాడు. అక్కడ ఆయనకు తోడి విద్యార్థి గురజాడ అప్పారావుగారు. ఆ ఇద్దరు కుర్రవాళ్లే ముందుముందు తెలుగు వచనం నడకను మారుస్తారని ఆనాడు వారి ఉపాధ్యాయులకు తోచి ఉండదు.

కుటుంబం గడవాలి. కనుక పై చదువు మాట ప్రక్కన పెట్టి, 1880లో నెలకు ముప్ఫై రూపాయల జీతం మీద పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఫస్టుఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడుగా చేరారు. వయస్సు పదిహేడు. నౌపడానుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్నరైలు 1900లోగాని నడవలేదు. కనుక మన పంతులుగారు ఆ ఊరు చేరేనాటికి బండిబాటా కాలిబాటా తప్ప వేరే దారి లేదు. ఆ చిన్నరైలు తరువాత గుణుపురం దాకా సాగి, తరతరాల మనవాళ్లను మోసి, 2004లో ఆగిపోయి, పిమ్మట బ్రాడ్‌గేజీగా మారిన సంగతి మీకు తెలిసినదే.

ఉద్యోగం దొరికిందని ఆయన చదువు ఆపలేదు. పగలు పిల్లలకు పాఠం చెబుతూ, తీరిక వేళల్లో తాను చదువుకుంటూ, 1886లో ఎఫ్.ఎ., 1894లో బి.ఎ. మొదటి రెండు భాగాలు, 1896లో చరిత్ర ముఖ్యాంశంగా మూడవ భాగం పూర్తిచేశారు. అంటే పట్టం చేతికి వచ్చేసరికి ఆయనకు ముప్ఫైమూడేళ్లు, ఉద్యోగంలో చేరి పదహారేళ్లు. రాజావారి పాఠశాల కళాశాల అయినప్పుడు పై తరగతులకు కూడా పాఠాలు చెప్పే అర్హత ఆయనకు ఆవిధంగా స్వయంకృషితో వచ్చినది. ఇది చదివే మన కుర్రవాళ్లలో ఉద్యోగంలో చేరాము గనుక చదువు ముగిసిందని అనుకునేవారుంటే, ఈ తేదీలను ఒకసారి లెక్కవేసుకోవలసినదని మనవి.

ఆయన చరిత్ర పాఠం పుస్తకం దగ్గర ఆగేది కాదు. దగ్గరలోనే ముఖలింగం ఆలయాలున్నాయి. గోడలనిండా గాంగరాజుల శాసనాలున్నాయి. ఎవరో పెద్దలు చదివి చెప్పేదాకా వేచి ఉండక, ఆ ప్రాచీన లిపిని ఆయన తనంతట తానే నేర్చుకున్నారు. శాసనాలు చదివి, పూర్వం గాంగులకు రాజధానియైన కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించారు. వజ్రహస్తుని నడగాం తామ్రశాసనాన్ని పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా సంపుటంలో ప్రకటించారు. పల్లెటూరి బడిపంతులుకు దొరతనంవారి పండిత పత్రికలో చోటు దొరకడం ఆనాడు సామాన్యం కాదు. పెద్దలు చెప్పారు గనుక నిజం అని కాక, రాతిమీద ఉన్నదేమిటి అని అడిగే ఈ స్వభావమే తరువాత ఆయనకు గొప్ప ఆయుధమైనది.

ఇక సవరల సంగతి. పర్లాకిమిడికి ఎగువన ఉన్న కొండల్లో సవరలు నివసిస్తారు. కొండవాలును మెట్లుమెట్లుగా చదునుచేసి, రాతికట్టలు పేర్చి, ఊటనీరు మళ్లించి వరి పండించే నేర్పరులు. చింతపండు, పసుపు వంటి కొండసరుకు తెచ్చి దిగువ సంతల్లో అమ్ముకొని ఉప్పు, బట్టలు కొనుక్కొని వెళ్లేవారు. వారి భాష ఇటు తెలుగుకుగాని అటు ఒడియాకుగాని చుట్టం కాదు. సంతలో షావుకారుతోను, కచేరీలో అధికారితోను మాట్లాడవలసివస్తే మధ్యవర్తి కావాలి. ఆ మధ్యవర్తి ఏది చెబితే అదే సవర చెప్పినట్లు. కాగితంమీద ఏమి వ్రాశారో తెలియకుండా వేలిముద్ర వేసేవాడి గతి ఎట్లా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఊరిలోనివారు దినమూ చూస్తున్న దృశ్యమే ఇది. చూసి ఊరుకోనివారు రామమూర్తిగారు. వీరికి చదువు చెప్పాలి అనుకున్నారు. చదువు చెప్పాలంటే వారి భాష తనకు రావాలి. అప్పటికి ఆ భాషకు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, అక్షరాలే లేవు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఒకరిని ఇంట్లో పెట్టుకొని, ఒక్కొక్క మాటా అడుగుతూ, వ్రాసుకుంటూ, నేర్చుకోవడం మొదలుపెట్టారు. బ్రాహ్మణ గృహస్థు ఆ రోజుల్లో ఇట్టి పనికోసం ఇంటి తలుపులు తెరవడం అంటే చుట్టాలూ పొరుగువారూ ఏమనుకొని ఉంటారో పెద్దలు ఊహించగలరు. ఆ పని ఏడాదితో రెండేళ్లతో తీరలేదు. దాదాపు ముప్ఫైఐదేళ్లు సాగినది.

సవరభాష ఎంత విలక్షణమైనదో ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. మనము పదేసి చొప్పున లెక్కపెడతాము. సవరలు పన్నెండు దాకా లెక్కించి, పదమూడు అనవలసిన చోట పన్నెండున్నొకటి అంటారు. ఇరవై రాగానే అది ఒక కోడి, అంటే ఒక ఇరవై అవుతుంది. ముప్ఫైరెండు అంటే ఇరవైమీద పన్నెండు. అట్టి పిల్లవాణ్ణి తెచ్చి తెలుగుబడిలోనో ఒడియాబడిలోనో కూర్చోబెట్టి ఎక్కాలు వల్లించమంటే వాడికి లెక్క రాకనా, మాట రాకనా, దేనివల్ల నోరు పెగలదు? పంతులుగారు వెంటనే మందబుద్ధి అని ముద్రవేస్తాడు. పిల్లవాడు మరునాడు బడి ఎగ్గొట్టి కొండెక్కుతాడు. తప్పు పిల్లవాడిది కాదు, వాడి బుద్ధిదీ కాదు, వాడికి తెలియని భాషలో అడగడమే తప్పు అన్న సత్యం మన రామమూర్తిగారికి సవర పిల్లలవల్లనే తేటతెల్లమైనదని నేను అనుకుంటాను.

అంతేకాదు. సవరలో కొన్ని అచ్చులు పలికేటప్పుడు గొంతు ఠక్కున బిగిసి విడుతుంది. ఆ ధ్వనికి మన వర్ణమాలలో అక్షరం లేదు. క్రియాపదం తన కర్మను తనలోనే ఇముడ్చుకొని ఒకే మాటగా వస్తుంది. ఇవన్నీ చెవితో పట్టుకొని, గుర్తులు కల్పించుకొని, నియమాలు తేల్చుకోవలసిన సంగతులు. భాషాశాస్త్రం అనే మాటే మన దేశంలో కొద్దిమందికి తప్ప తెలియని కాలంలో, ఆ శాస్త్రాన్ని పుస్తకాలు తెప్పించుకొని తానే చదువుకొని, ముండా కుటుంబానికి చెందిన ఒక భాషను శాస్త్రరీతిలో పరిశీలించిన తొలి భారతీయుడు ఆయన.

నేర్చుకొని ఊరుకుంటే అది పాండిత్యం మాత్రమే అయ్యేది. ఆయన సవరభాషలో వాచకాలు వ్రాశారు. పాటలూ కథలూ సేకరించారు. తెలుగు-సవర, సవర-తెలుగు నిఘంటువులు కూర్చారు. తన సొంత డబ్బుతో సవరపిల్లలకు బడులు పెట్టి, ఉపాధ్యాయులకు తానే జీతాలిచ్చి, వారి భాషలోనే వారికి చదువు చెప్పించారు. బడిపంతులు జీతం ఎంతటిదో, అందులోనుంచి మరొక పంతులుకు జీతం ఇవ్వడమంటే ఏమిటో, నెలాఖరు కటకట తెలిసిన మనబోటి ఉద్యోగులకు విడమర్చి చెప్పనక్కరలేదు. ఈ పనికి ఆయనను నియమించినవారు లేరు, అడిగినవారు లేరు. సంఘసేవ అనే మాట ఇప్పుడు మనం ఇంత తేలికగా వాడుతున్నాము గాని, అది ఆయనకు బిరుదూ కాదు, పదవీ కాదు, తీరిక వేళల్లో చేసే వినోదమూ కాదు.

ఆ కొండలు చలిజ్వరానికి పుట్టిళ్లు. అక్కడికి పోయి వచ్చినవాడు జ్వరంతో తిరిగి రావడమే రివాజు. పంతులుగారు పదేపదే వెళ్లారు. జ్వరానికి విరుగుడుగా క్వినైను విపరీతంగా పుచ్చుకోవలసి వచ్చింది. దానివల్ల ఆయన వినికిడి శక్తి దెబ్బతిని చెవుడు వచ్చినది. ఒక్కొక్క ధ్వనినీ చెవితో పట్టి కాగితంమీద పెట్టిన మనిషికి ఆ చెవులే పోవడం కన్న శిక్ష ఉన్నదా? అయినప్పటికీ ఆయన ఆ పని మానలేదు.

దొరతనంవారు ఆయన కృషిని గుర్తించి 1913లో రావుబహదూర్ బిరుదు ఇచ్చారు. తరువాతి కాలంలో కైజర్-ఇ-హింద్ పతకం కూడా ఇచ్చారు. సవర పుస్తకాలకు ప్రతిఫలంగా ప్రభుత్వం సొమ్ము ఇవ్వజూపినప్పుడు ఆయన అది పుచ్చుకోక, ఆ సొమ్ముతో సవరలకు మంచి బడి ఒకటి పెట్టించండి, దానిని నేను నడుపుతాను అన్న భావంతో జవాబిచ్చారని పెద్దలు చెబుతారు. పర్లాకిమిడి పంతులుగారిని గూర్చి మన పిల్లలకు ఒక్క ముచ్చటే చెప్పే వ్యవధి ఉంటే, ఈ ముచ్చట చెప్పవలసినది.

ఇక వాడుకభాష ఉద్యమం. 1907 ప్రాంతాన ఉత్తరకోస్తా జిల్లాలకు జె.ఎ. యేట్సు అనే దొర పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చాడు. బడులలో ఇంగ్లీషును నేటి ఇంగ్లీషుగా నేర్పుతూ, తెలుగును మాత్రం ఎవరూ మాట్లాడని పాతభాషగా ఎందుకు నేర్పుతున్నారన్నది ఆయనకు అంతుపట్టలేదు. ఆ చర్చలో విశాఖపట్నం కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, విజయనగరంనుంచి గురజాడవారు, పర్లాకిమిడినుంచి మన పంతులుగారు కలిశారు. సవరపిల్లవాడికి సవరలో చదువు చెప్పడం న్యాయమైతే, తెలుగుపిల్లవాడికి వాడి ఇంట వినబడే తెలుగులో చదువు చెప్పడం అన్యాయం ఎట్లా అవుతుంది? ఆనాటి తెలుగుబడిలో పిల్లవాడు ఇంట వస్తున్నాను అని, బడిలో వచ్చుచున్నాను అని వ్రాయవలసి ఉండేది. తన నోటిమాట తప్పు అని మొదటి పాఠంలోనే నేర్చుకునేవాడు.

ఈ పనికి పూర్తికాలం వినియోగించడానికి రామమూర్తిగారు ముప్ఫై ఏళ్లు దాటిన ఉద్యోగాన్ని 1911లో స్వచ్ఛందంగా విడిచిపెట్టారు. అప్పటినుంచి ఊరూరా తిరిగి సభలు చేశారు, వాదించారు. అవతలి పక్షంలో ఉన్నవారు సామాన్యులు కారు. ఆంధ్రసాహిత్యపరిషత్తును నడిపిన జయంతి రామయ్యపంతులుగారు మొదలైన మహాపండితులు. వారికీ తెలుగుమీద ప్రేమ తక్కువ కాదు. ప్రాచీన గౌరవం చెడిపోతుందన్నది వారి భయం. రామమూర్తిగారు వారిని తూలనాడి గెలవలేదు. శాసనాలు చదివినట్లే వారి గ్రంథాలు చదివారు. గ్రాంథికం అని వ్రాసినవారి వ్రాతల్లోనే ఆ వ్యాకరణానికి విరుద్ధమైన ప్రయోగాలు ఎన్ని ఉన్నాయో పోగుచేసి, పుటలతో సహా ఎత్తి చూపించారు. పూర్వకవులు కూడా తమ కాలపు వాడుకను ఎట్లా చేర్చుకున్నారో నిరూపించారు. బాలకవిశరణ్యం, ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజం, గద్యచింతామణి అట్లా పుట్టిన పుస్తకాలే.

1915లో గురజాడవారు కాలధర్మం చెందారు. చిన్ననాటి స్నేహితుడు, సమఉజ్జీ వెళ్లిపోగా, బరువంతా యాభైరెండేళ్ల రామమూర్తిగారి మీద పడింది. వాడుకభాషకు పరీక్షలలో దొరికిన కొద్దిపాటి అవకాశం కూడా పండితుల ఆందోళనతో వెనక్కు పోయింది. అయినా ఆయన వెనుదిరగలేదు. 1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులుగా, రామమూర్తిగారు కార్యదర్శిగా వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. గ్రాంథికంలో అంత వ్రాసిన వీరేశలింగంగారు తమ చివరి దినాలలో ఆ అధ్యక్షత స్వీకరించడం ఉద్యమానికి పెద్ద బలం. ఆ ఏడే రామమూర్తిగారు తెలుగు అన్న పేరుతో మాసపత్రిక పెట్టి, ఒక సంవత్సరం నడిపారు. సాహిత్యపరిషత్తు సయితం 1924లో వాడుకభాషమీద పెట్టిన నిషేధాన్ని సడలించుకున్నది.

ఇక్కడ మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి. ఆయన శిష్యులలో తాపీ ధర్మారావుగారు ఒకరు. ధర్మారావుగారు 1887లో బరంపురంలో పుట్టి, పర్లాకిమిడి కళాశాలలో చదువుకొని, తరువాత జనవాణి పత్రికలో వాడుకభాషను పట్టుబట్టి నడిపినవారు. అంటే నేడు దినపత్రికలలో మనం చదివే తెలుగుకు పాదువేసిన ఊళ్లలో పర్లాకిమిడి, బరంపురం ఉన్నాయి. ఈ రెండూ నేడు ఒడిశాలోనివే. తెలుగు అంటే ఎక్కడో దూరాన ఉన్నదనీ, మనం దాని అంచున వేళ్లాడుతున్నామనీ చిన్నబుచ్చుకునే మనవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తెలుగు ఉద్యమం ఇంత ముమ్మరంగా నడుస్తున్నా ఆయన సవరలను మరువలేదు. ఆయన ఇంగ్లీషులో వ్రాసిన సవరభాషా వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వెలువడింది. ఆ నిఘంటువు బయటికి వచ్చేనాటికి ఆయనకు డెబ్బైఐదేళ్లు. కుమారులు గిడుగు వేంకట సీతాపతిగారు (1885-1969) కూడా తండ్రివెంట సవరభాషలో పరిశ్రమ చేసి, తెలుగులో పిల్లలకోసం గేయాలు వ్రాసి పేరుపొందినవారే.

ఇంతలో ఆయన ముసలితనంలో పిడుగువంటి వార్త వచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. పర్లాకిమిడి జమీందారీని రెండుగా చీల్చి, పట్టణంతో సహా ఒక భాగాన్ని కొత్త రాష్ట్రంలో చేర్చారు. మిగిలిన భాగం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది. పంతులుగారు పుట్టిన పర్వతాలపేట, ఆయన శాసనాలు చదివిన ముఖలింగం ఒకవైపు, ఆయన చదువు చెప్పిన బడి, కాపురమున్న ఇల్లు, బడులు పెట్టిన సవరకొండలు చాలావరకు మరొకవైపు. తెలుగువారు ఎందరో ఉన్న పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చడం ఆయనకు బొత్తిగా సమ్మతం కాలేదు. దానిని వ్యతిరేకించారు. ఆ మాట చెల్లలేదు. చెల్లకపోగా, యాభైఆరేళ్లుగా ఉన్న ఊరిని విడిచి రాజమహేంద్రవరం తరలిపోయారు.

ఈ ఘట్టం దగ్గరకు వచ్చినప్పుడల్లా నాకు రెండు ఆలోచనలు కలుగుతాయి. డెబ్బైమూడవ ఏట సామాను కట్టుకొని, మాటకోసం ఊరు విడిచిన ఆ పట్టుదలకు చేతులెత్తి మ్రొక్కాలనిపిస్తుంది. అదే సమయంలో, ఆయనవలె వెళ్లలేనివారు ఎందరో ఉండిపోయారు గదా అనిపిస్తుంది. పొలమున్నవారు, కొట్టున్నవారు, ముసలి తల్లిదండ్రులున్నవారు, రేపటి కూలి ఇక్కడే ఉన్నవారు ఎక్కడికి పోతారు? వెళ్లినవారికి తెలుగు బడి, తెలుగు పత్రిక, తెలుగు కచేరీ దొరికాయి. ఉండిపోయినవారికి ఇల్లే బడి అయింది. వారి సంతతివారమూ, వారి తరువాత ఉద్యోగాలకోసం వచ్చి చేరినవారమూ కలిస్తేనే ఈనాటి మన సంఘం. ఆయన వెళ్లిపోవడం ఆయనకు న్యాయం. మనం ఉండిపోవడం మన అవసరం. రెండింటిలో ఏదీ నేరం కాదు.

మరొక మాటకూడా ఒప్పుకోవాలి. ఒడియావారు తమ రాష్ట్రంకోసం పోరాడినది తమ భాష చిన్నచూపుకు గురి అవుతున్నదనే. మద్రాసు రాష్ట్రంలో మనకు కలిగిన బాధే వారికీ కలిగింది. మాతృభాషలో చదువు పిల్లవాడి హక్కు అన్న పంతులుగారి సూత్రం తెలుగుపిల్లవాడికి ఎట్లా వర్తిస్తుందో ఒడియాపిల్లవాడికీ, సవరపిల్లవాడికీ అట్లాగే వర్తిస్తుంది. ఆయన జీవితాన్ని అడ్డంపెట్టుకొని పొరుగుభాషను నిందించేవారు ఆయనను సగమే చదివినవారు. పొరుగువాడి భాషకోసం చెవులు పోగొట్టుకున్న మనిషి ఆయన.

1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనకు కళాప్రపూర్ణ బిరుదమిచ్చి గౌరవించింది. 1940 జనవరి 15న మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయంలో పత్రికా సంపాదకులను కలుసుకొని, పత్రికలన్నీ వాడుకభాషలో నడవాలని చివరిసారిగా విజ్ఞప్తి చేశారు. శరీరం అప్పటికే వడలిపోయింది. సరిగా వారం తిరిగేసరికి, జనవరి 22న పరమపదించారు. ఆయన కోరినది పత్రికలలో కొద్ది ఏళ్లలోనే నెరవేరింది. చదువులలో పూర్తిగా నెరవేరడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి రైల్వే కచేరీలో గుమాస్తాగిరీ చేసుకునే నావంటివాడు నలుగురు చదివే సంచికలో కలం పెట్టగలిగాడంటే అది ఆయన పెట్టిన భిక్షే. ఆయన ఓడిపోయి ఉంటే ఈ వ్యాసం వ్రాయడానికి నేను పండితుణ్ణి వెతుక్కోవలసి వచ్చేది, చదవడానికి మీరు మరొక పండితుణ్ణి వెతుక్కోవలసి వచ్చేది.

సవరలకు వారి భాషలో చదువు అన్న ఆయన కలకూడా వృథా పోలేదు. ఈ శతాబ్దం మొదటి దశాబ్దంలో ఆంధ్రప్రదేశంలోను, ఒడిశాలోను ప్రభుత్వాలే గిరిజన పిల్లలకు మొదటి తరగతులలో వారి భాషలోనే పాఠాలు చెప్పించే ఏర్పాటు ప్రారంభించాయి. వాటిలో సవర ఉన్నది. పంతులుగారు సొంత జీతంతో చేసిన పనిని సర్కారులు తలపెట్టడానికి నూరేళ్లు పట్టిందన్నమాట.

ఇప్పుడు మళ్లీ మన పిల్లల కాగితాల దగ్గరకు వద్దాము. ఒడియా అక్షరాలలో తెలుగుపద్యం వ్రాసుకొని వచ్చిన పిల్లవాణ్ణి చూసి నవ్వకండి, కోప్పడకండి. వాడి నోట తెలుగు బ్రతికే ఉన్నది, లేనిది అక్షరం మాత్రమే. అక్షరమే లేని భాషకు అక్షరాలు కూర్చి పిల్లలకు అందించిన మహనీయుడు తిరిగిన నేలమీద ఉంటూ, యాభైయారు అక్షరాలు సిద్ధంగా ఉన్న భాషను మన పిల్లలకు నేర్పలేమా? దానికి పెద్ద భవనం అక్కరలేదు, గ్రాంటు అక్కరలేదు. ఆదివారంనాడు ఒక గంట తీరిక, ఒక నల్లబల్ల, ఓపిక గల ఒక మనిషి చాలు. శ్రీకాకుళం యాసైనా, విజయనగరం యాసైనా, ఇక్కడి మాటలు కలిసిన తెలుగైనా, ఇంట్లో అమ్మ మాట్లాడే తెలుగుతోనే మొదలుపెట్టవచ్చును. అది తప్పు తెలుగు అని పిల్లవాడితో అనవద్దు. అట్లా అనకూడదనే పంతులుగారు జీవితమంతా పోరాడారు.

వచ్చే ఉగాదికి తెరప్రక్కన నిలబడి నేను అందించే కాగితాలలో పదైనా తెలుగు అక్షరాలతో ఉంటే, ఆయన ఋణంలో ఒక చిన్న కంతు చెల్లించినట్లు భావిస్తాను. సోదరీసోదరులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.